ట్యాబ్‌కు కట్టిన ఎర్రబిళ్ల

మా నాన్న ట్యాబ్‌లోకి సైకిల్ పంపుతో గాలి కొట్టబోయిన రోజే దాన్ని లాక్కుని బచేలీకి తీసుకుపోవాల్సింది. తీసుకుపోలేదు. కాబట్టి ఆ తర్వాత జరిగినదాంట్లో సగం తప్పు నాదే. మిగతా సగం ఎవరిదో చివరిదాకా చదివి మీరే తేల్చండి.

ఆ ట్యాబ్ నాది. నేను బచేలీలో టీచర్ని, పిల్లలకు హిందీలో లెక్కలు చెబుతాను. ఇళ్ల నుంచే పాఠాలు చెప్పాల్సి వచ్చిన రోజుల్లో దాన్ని కొన్నాను. బడులు తెరిచాక అది కిరండూల్‌లో అమ్మానాన్నల క్వార్టర్‌కు చేరింది. ఇనుప గని ఊళ్లో ఎంత తుడిచినా సాయంత్రానికి కిటికీ అంచుల మీద ఎర్రదుమ్ము పేరుకుంటుంది. ఆరేసిన తెల్లచొక్కా నెల తిరిగేసరికి గులాబీ రంగుకు వస్తుంది. ఆ దుమ్మంతా తాగి తాగి ట్యాబ్ గొంతు బొంగురుపోయింది. ఏదైనా తెరవమని వేలితో నొక్కి, అమ్మ వంటింట్లోకి పోయి టీ పెట్టి, పొంగించి, వడపోసుకుని తిరిగొస్తే అప్పుడు తెరుచుకునేది.

"ఇది నా లెక్కనే బిడ్డా. పిలిస్తే వస్తది. కాకపోతే లేసి వచ్చేదాక ఆగాలె" అనేది అమ్మ, మోకాళ్లు రుద్దుకుంటూ.

అమ్మది ఎర్రబోరు దగ్గర పల్లె. ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవాళ్లు, బడి మాత్రం హిందీ. ఎనిమిదో తరగతి దాకా చదివింది. హిందీ పేపర్ గడగడా చదువుతుంది, తెలుగు అక్షరం మాత్రం ఒక్కటి రాదు. నాన్నది శ్రీకాకుళం వైపు. గనిలో కొండంత డంపర్ లారీలకు మెకానిక్, వచ్చే ఏడు రిటైర్మెంటు. మా ఇంటికి వచ్చే పెళ్లికార్డులూ ఫోన్‌లో వచ్చే తెలుగు మెసేజ్‌లూ అన్నీ ఆయనే చదివిపెట్టేవాడు. ఎండాకాలం సెలవుల్లో నాకు తెలుగు నేర్పింది కూడా ఆయనే. అమ్మకు మాత్రం ఎందుకు నేర్పలేదో అప్పట్లో నాకు తట్టలేదు. తర్వాత తట్టింది. నేర్పితే ఆయన ఆటలు సాగవు!

ఆ ఆటలు ఎట్లాంటివో ఒకటి చెబుతాను. మా పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, భద్రాచలం దగ్గర ఉంటుంది. చెవులు వినపడవు కాబట్టి ఫోన్‌లో మాట్లాడదు, మెసేజ్ రాస్తుంది. నాన్న కుర్చీలో వెనక్కి వాలి, కళ్లజోడు పెట్టుకుని, గొంతు సవరించుకుని చదివేవాడు: "చెల్లీ, క్షేమమా? మరిదిగారి ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో. ఆయనకు చేపల పులుసంటే ప్రాణం కదా, వారానికి రెండుసార్లయినా చెయ్యి."

మా పెద్దమ్మ పుట్టి బుద్ధెరిగాక ఎవర్నీ 'గారు' అన్న పాపాన పోలేదు. నేను ఆయన భుజం మీదుగా ఫోన్‌లోకి తొంగి చూస్తే, అక్కడ "ఏందే, బతికే ఉన్నావా? ఆ మొద్దు మొగుడు పండక్కన్నా పంపుతాడా లేదా?" అని ఉండేది. నేను నవ్వాపుకోలేక పెరట్లోకి పరిగెత్తేదాన్ని. అమ్మ ఆ వారం రెండుసార్లు చేపల పులుసు చేసేది. నేనూ లొట్టలేసుకుని తినేదాన్ని. అబద్ధం చెప్పను, ఆ పులుసు భలే ఉండేది.

కిందటేడు ఒకరోజు అమ్మ నన్ను వంటింట్లోకి లాగి తలుపు దగ్గరికి వేసింది. "నాకు తెలుగు చదువుడు నేర్పియ్యి. మీ నాయనకు చెప్పకు" అంది.

"ఎందుకమ్మా ఇప్పుడు?"

"మా అక్క చిన్నప్పటి నుంచి నన్ను ఒక్క మంచిమాట అనలె. ఇప్పుడింత మర్యాద ఏడికెళ్లి వచ్చిందో చూడాలె."

నాకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లూ నేను ఎవరి పక్షాన నవ్వానో ఆ క్షణంలో అర్థమైంది. ఇంటర్నెట్‌లో వెతికి, తెలుగు రాని పెద్దవాళ్ల కోసం ఆదివారం పదకొండింటికి జరిగే క్లాసు ఒకటి పట్టుకుని చేర్చాను. ఆదివారం ఆ వేళకు నాన్న బజారుకు పోతాడు, కూరగాయలతో పాటు ఊళ్లో కబుర్లన్నీ ఏరుకుని మధ్యాహ్నానికి గానీ రాడు. అమ్మ పొయ్యి మీద బాండీ పెట్టి, పక్కన ట్యాబ్ నిలబెట్టి, అ ఆలు దిద్దింది. ఎప్పుడైనా ఆయన ముందే వస్తే, వంట వీడియో చూస్తున్నట్టు గరిటె తిప్పేది. ఆరు నెలలు గడిచాయి. మా నాన్నకు అనుమానమే రాలేదు. వంటలు మాత్రం కొత్తగా ఏవీ రావడం లేదేమిటని ఒకసారి అడిగాడట.

చివరి క్లాసులో ప్రతి ఒక్కరూ సొంతంగా రాసిన ఒక పేజీని తెర మీద పెట్టి, చూసి చదవాలి. ఆ రోజు రానివాళ్లు తర్వాతి జట్టుతో కలిసి మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టాలి. అమ్మ తన పేజీని ట్యాబ్ తెర మీదే వేలితో రాసి దాచుకుంది. నాకు కూడా చూపించలేదు.

"మళ్ల మొదటికెళ్లి అంటే నాతోటి కాదు. చదివితే ఈ ఆదివారం చదవాలె. లేకుంటే ఇగ నా జన్మల తెలుగు ముట్ట" అంది ఫోన్‌లో. ఆమె మొండితనం నాకు తెలుసు, నాకు వచ్చింది అక్కడి నుంచే.

సరిగ్గా శుక్రవారం ఆ క్లాసు యాప్ మొరాయించింది. ట్యాబ్‌లో సాఫ్ట్‌వేర్ పాతబడింది, కొత్తది వేసుకుంటేనే తెరుచుకుంటాను అంది. అమ్మ కంగారుగా నాకు ఫోన్ చేస్తుంటే నాన్న చెవిన పడింది. ఇంట్లో ఒక మెషిన్ ఇబ్బంది పడుతోందని తెలిసి మా నాన్న ఊరుకుంటాడా? శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి రాగానే ట్యాబ్‌ను వరండాలో పాతచీర మీద పడుకోబెట్టాడట. పెయింటింగ్ బ్రష్షుతో దుమ్ము దులిపాడట. సైకిల్ పంపు తెస్తే అమ్మ అడ్డుపడి, నన్ను వీడియో కాల్‌లోకి పిలిచి చూపించింది. నేను అరిచిన అరుపుకు పంపు పక్కన పెట్టాడు గానీ, ట్యాబ్ మాత్రం వదల్లేదు.

"ఏటమ్మా అంత అరుపు? ముప్ఫయ్యేళ్లు డంపర్లు బాగుచేసినోణ్ణి, ఈ పలక ఒక లెక్కా!" అన్నాడు. అప్‌డేట్ మొదలుపెట్టాడు. తర్వాత పెట్టెలోంచి ఎర్రబిళ్ల తీసి ట్యాబ్‌కు కట్టాడు.

ఆ ఎర్రబిళ్ల గురించి చెప్పకపోతే మీకు మా ఇల్లు అర్థం కాదు. గనిలో ఎవరైనా మెషిన్‌ను రిపేరు చేసేముందు దాని స్విచ్చుకు తమ ఫోటో ఉన్న ఎర్రబిళ్ల తగిలిస్తారు. పని పూర్తయ్యాక తగిలించినవాళ్లే దాన్ని తీయాలి. పెద్దాఫీసరైనా సరే, ఇంకొకరి బిళ్ల మీద చెయ్యి వేయకూడదు. నా చిన్నతనంలో ఒకాయన ఇంజన్‌లో చెయ్యి పెట్టి ఉండగా, పని అయిపోయిందనుకుని ఇంకొకడు ఆయన బిళ్ల తీసి బండి స్టార్ట్ చేశాడు. ఆయనకు రెండు వేళ్లు పోయాయి. ఆయన్ని ఆసుపత్రికి మోసుకెళ్లింది మా నాన్నే. ఆ రాత్రి అన్నం ముట్టలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. కంపెనీలో కొత్త బిళ్లలు ఇచ్చినప్పుడు నాన్న తన పాతదాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. మిక్సీ అయినా ఫ్యాన్ అయినా, ఆయన బిళ్ల కడితే ఆయనే విప్పాలి. అమ్మ ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా దాన్ని తాకలేదు.

బిళ్లకు ముందువైపు హిందీలో 'ప్రమాదం, మనుషులు పని చేస్తున్నారు' అని అచ్చువేసి ఉంటుంది. వెనకవైపు ఖాళీగా ఉంటే, నాన్న చెరగని సిరాతో తెలుగులో రెండు వాక్యాలు రాశాడు. "తెలుగోళ్ల కోసం అదే ముక్క తెలుగులో రాసేను" అని అమ్మకు చెప్పాడు. నిజానికి అక్కడ రాసి ఉన్నది ఇది: 'ఈ మెషిన్‌ను పాడుచేసింది మా ఆవిడ. బాగుచేసేది నేను.'

ఇంటికొచ్చిన తెలుగువాళ్లందరూ ఫ్యాన్‌కు వేలాడుతున్న ఆ బిళ్ల చదివి కిసుక్కున నవ్వేవాళ్లు. మా ఇంటికొస్తే అందరూ సరదాగా ఉంటారని అమ్మ సంబరపడేది. నేను మాత్రం తక్కువ తిన్నానా? పదేళ్ల వయసులో నా స్నేహితురాళ్లను పిలుచుకొచ్చి మరీ చూపించాను.

ఇక ఆదివారం. నాన్న తోటి పనివాడి కూతురి నిశ్చితార్థానికి పొద్దున్నే రైల్లో జగదల్‌పూర్ బయల్దేరాడు. వెళ్లనా మాననా అని ఆయన ఊగిసలాడుతుంటే, అమ్మా నేనూ వారం రోజులుగా చెవిలో జోరీగల్లా పోరి మరీ పంపించాం. ఇల్లు మాకు ఖాళీగా కావాలి కదా! ఆయన పోతూ పోతూ, "వంద శాతం అయిపోయినా ముట్టుకోకు. నానొచ్చి స్టార్ట్ చేస్తాను. మధ్యలో ఎవరైనా నొక్కితే లోపల ఉన్నదంతా పోద్ది" అని అమ్మకు చెప్పి వెళ్లాడట.

నేను బచేలీ నుంచి బస్సులో వచ్చేసరికి తొమ్మిదిన్నర. అమ్మ ఉతికిన చీర కట్టుకుని, తలదువ్వుకుని, బల్ల ముందు బిగుసుకుని కూర్చుని ఉంది. ఎదురుగా ట్యాబ్. నిలువునా అడ్డంగా తాడు చుట్టి, మధ్యలో ఎర్రబిళ్ల. తాడు కింద తెర మీద వంద శాతం పూర్తయిందని, మళ్లీ స్టార్ట్ చేయడానికి ఇక్కడ నొక్కండని కనిపిస్తోంది.

"అయిపోయిందిగా! నొక్కు" అన్నాను.

"బిళ్ల ఉంది."

"విప్పు."

"నాది కాదు గదా."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "అమ్మా, అది డంపర్ కాదు. దీంట్లో ఎవరి చెయ్యీ లేదు" అంటూ తాడు ముడి పట్టుకున్నాను. అమ్మ ఫట్‌మని నా చేతి మీద కొట్టింది. పెళ్లీడు దాటిన కూతుర్ని, క్లాసులో పిల్లలంతా భయపడే మనిషిని!

"ఏంది నువ్వు చేసేది? గనిల ఆ పిలగాడు కూడా లోపల ఎవరూ లేరనుకునే తీసిండు" అంది.

"పోనీ, విప్పను. తాడు సందులోంచి వేలు పెట్టి నొక్కుతా. బిళ్ల ఎక్కడిదక్కడే ఉంటుంది."

"అది ఇంకా దొంగపని."

నాన్నకు ఫోన్ చేశాం. కలవలేదు. ఇనుపరాయి గూడ్సు బళ్లకు దారి ఇచ్చి ప్యాసింజర్‌ను అడవి మధ్యలో గంటలకొద్దీ నిలబెట్టడం మా లైన్లో మామూలే. సిగ్నల్ లేదు. పది దాటింది. నా ఫోన్‌లో క్లాసు తెరుద్దామంటే, అమ్మ పేజీ ట్యాబ్‌లో చిక్కుకుపోయి ఉంది. చూసి చదవాలి కదా. గడియారం ముల్లు కదిలినప్పుడల్లా అమ్మ చీర కుచ్చెళ్లు సర్దుకుంటోంది. ఏడవదు, తిట్టదు. నాకే ఏడుపొచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ బిళ్ల వెనక ఏముందో! ఆరు నెలలుగా నేను అమ్మకు తెలుగు నేర్పిస్తున్నానే తప్ప, ఆ రెండు వాక్యాల ఊసే నాకు తట్టలేదు. బిళ్ల అదృష్టవశాత్తూ హిందీ వైపు పైకి ఉంది.

పదిన్నర దాటాక నాన్నే ఫోన్ చేశాడు. ఏదో చిన్న స్టేషన్‌లో సిగ్నల్ దొరికిందట. నేను స్పీకర్ పెట్టాను.

"నాకు ట్యాబ్ కావాలె. ఇప్పుడే" అంది అమ్మ.

"ఏటంత తొందర? వంటేనా? సాయంత్రం దాకా ఆగలేవా?"

"ఆగలేను."

ఆమె గొంతులో ఏం వినిపించిందో గానీ, నాన్న ఇంకేమీ అడగలేదు. "సరే, తియ్యండి మరి" అన్నాడు.

అక్కడితో ఐపోవాల్సింది. నేను ముడి మీద చెయ్యి వేశాను కూడా. కానీ మా అమ్మకు గని రూళ్లన్నీ కంఠతా వచ్చు, చెప్పింది ఆయనే. "అట్లెట్ల తీస్తం? బిళ్ల పెట్టినోళ్లు లేనప్పుడు, తీసేవాళ్లు రెండు దిక్కులా చదివి వినిపియ్యాలె. అది ఆయన బిళ్లే అని ఆయన ఒప్పుకోవాలె. ఇంకొకరు సాక్షిగుండాలె" అంది.

"ముందువైపు చదువు, చాల్లే" అన్నాడు నాన్న.

అమ్మ హిందీ గడగడా చదివేసింది. బిళ్ల తిప్పబోయింది.

"వెనకవైపు అక్కర్లేదు!" అని నాన్న రైల్లోంచి, "వద్దమ్మా!" అని నేను బల్ల పక్క నుంచి ఒకేసారి అరిచాం. "అమ్మాయి చదువుతాదిలే, అమ్మాయికి ఇయ్యి" అని అందుకున్నాడు ఆయన. ఎట్లాగూ నేను ఏదో ఒకటి కల్పించి చదువుతానని ఆయన ధైర్యం.

"నేనే చదువుత" అంది అమ్మ.

తిప్పింది. కళ్లజోడు సరిచేసుకుంది. వేలు అక్షరాల కింద పెట్టింది. "ఈ... మె... మెషి... మెషిన్‌ను... పా... డు... పాడు చేసింది..." అంటూ ఆగింది. నన్ను చూసింది. నేను ఇంటికప్పు వైపు చూశాను. "మా... ఆ... విడ. బా... గు... బాగుచేసేది... నేను."

నా జీవితంలో అంత నెమ్మదైన తిట్టు ఎప్పుడూ వినలేదు, అదీ రాసినవాడికే తగిలింది. ఫోన్‌లో రైలు కూత వినిపించింది, పల్లీలు అమ్మేవాడి కేక వినిపించింది, మా నాన్న మాత్రం వినిపించలేదు. ఆఖరికి అన్నాడు.

"ఏటే... నువ్వు చదివీసినావా?"

"చదివిన."

"తెలుగే?"

"మరి నువ్వు రాసింది ఏంది, ఇంగ్లీషా?"

"అయితే... ఇంక నాను చదివిపెట్టక్కర్లేదన్నమాట" అన్నాడు. నవ్వబోయి సగంలో ఆపేశాడు. ఆ మనిషి మీద జాలి పడతానని నేనెప్పుడూ అనుకోలేదు. పడ్డాను. ఇన్నేళ్లూ అమ్మ ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, ఆయన నోటివంక చూస్తూ వినేది. ఆయనకు కావాల్సింది ఆ చూపు. పులుసు కాదు.

"బిళ్ల నీదేనా కాదా? సంగతి చెప్పు, పదకొండైతుంది" అంది అమ్మ.

"నాదే. తియ్యి" అన్నాడు. లైన్ తెగిపోయింది.

అమ్మ ముడి విప్పింది. నేను నొక్కాను. ట్యాబ్ నల్లబడింది, ఒక గుండ్రటి చక్రం తిరిగింది, తిరుగుతూనే ఉంది. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. చటుక్కున తెర వెలిగింది. నొక్కితే తెరుచుకుంటోంది! టీ పెట్టే టైం కాదు కదా, అగ్గిపుల్ల గీసే టైం కూడా పట్టలేదు. "ఇంత జల్ది తెరుచుకుంటే భయమైతుంది బిడ్డా" అంది అమ్మ. పేజీ భద్రంగా ఉంది.

ఆమె వంతు వచ్చింది. అవతల టీచరమ్మ "చదవండమ్మా" అంది. అమ్మ అక్షరాల కింద వేలు పెట్టి మొదలుపెట్టింది. ఆ పేజీ నా దగ్గర ఇప్పటికీ ఉంది, ఒక్క అక్షరం మార్చకుండా ఇస్తున్నాను.

"మా అక్క నాకు మెసేజ్ పంపుతుంది. మా ఆయన చదువుతాడు. ఆయన చదివితే మా అక్క చాల మర్యాదగ మాట్లాడుతుంది. మా అక్క అట్ల మాట్లాడదు. పోయిన నెల నేనే చదివిన. మా అక్క నన్ను తిట్టింది. నాకు సంతోషమైంది. అది మా అక్కనే."

టీచరమ్మ నవ్విందో, కళ్లు తుడుచుకుందో, తెరలో సరిగ్గా తెలియలేదు. నేను మాత్రం రెండూ చేశాను. అంటే ఈవిడ నెల రోజుల నుంచీ అన్నీ చదువుతూ, ఏమీ తెలియనట్టు ఆయన ఎదురుగా పీట వేసుకుని కూర్చుంటోంది! నాన్న ఆటలు చాలా చిన్నవనిపించింది.

క్లాసు అయ్యాక ఆమె దెబ్బలకు వేసే తెల్లపట్టీ ఒకటి తెచ్చి, బిళ్ల వెనక రాతకు అంటించింది. నా పెన్ను అడిగి తీసుకుంది. చాలాసేపు రాసింది. తర్వాత తాడుతో బిళ్లను నాన్న కుర్చీకి, రెండు చేతుల మధ్య అడ్డంగా కట్టేసింది.

నాన్న సాయంత్రం మిఠాయి పొట్లంతో వచ్చాడు. పొట్లం బల్ల మీద పెట్టి, అలవాటుగా కుర్చీ దాకా వెళ్లి, ఆగిపోయాడు. వంగి చదివాడు. వంకర అక్షరాలతో అక్కడ ఇలా ఉంది: 'ఈ మనిషిని పాడుచేసింది వాళ్లమ్మ. బాగుచేసేది నేను.'

"ఎప్పుడు తీస్తావేటి?" అన్నాడు.

"పని అయినంక" అంది అమ్మ వంటింట్లోంచి.

ఆయన చెయ్యి బిళ్ల దగ్గరికైనా పోలేదు. కుక్కిన పేనులా కింద చాప మీద కూర్చుని టీ తాగాడు. నడుము నొప్పి అన్నాడు, గోడకు చేరగిలబడ్డాడు, కుర్చీ వంక చూశాడు. అమ్మ పట్టించుకోలేదు. నేను ఒకటే నవ్వు.

అప్పుడే అమ్మ ఫోన్ మోగింది. పెద్దమ్మ మెసేజ్. ఫోన్ చాప మీదే ఉంది. నాన్న అలవాటుగా అందుకున్నాడు, కళ్లజోడు పెట్టుకున్నాడు, నోరు తెరిచాడు, మూశాడు. ఫోన్‌ను అమ్మ వైపు చాచాడు.

అమ్మ తీసుకుని ఒకసారి చూసింది. పెదాలు కదిలాయి. మళ్లీ ఆయనకే ఇచ్చింది. "నువ్వే చదువు. నాకు అద్దాల్లేవు" అంది. అద్దాలు ఆమె ముక్కు మీదే ఉన్నాయి.

ఆమె పీట లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. నాన్న గొంతు సవరించుకున్నాడు. అదేదో కోర్టులో వాంగ్మూలం ఇస్తున్నట్టు, ఒక్కో మాటా తడుముకుంటూ చదివాడు.

"ఏందే... చచ్చావా బతికావా? నీ మొద్దు మొగుడికి... తిండి తగ్గించు. పొట్ట... కుండ లెక్క అయ్యింది. దసరాకు నువ్వు రావాలె. వాడు రాకున్నా... నాకేం ఫరక్ లేదు."

చదివేసి తలెత్తకుండా కూర్చున్నాడు. ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట తీయలేదు. అమ్మ ఆయన్ని చూస్తూనే ఉంది, నా చిన్నప్పుడు చూసినట్టే.

తర్వాత మోకాళ్ల మీద చేతులాన్చి లేచింది. కుర్చీ దగ్గరికి వెళ్లి, తను కట్టిన ముడి తనే విప్పింది.

"పోయి కూసో" అంది.